ప్రాణం ఉండగానే కోసిన కోళ్లు

వేపలపాడు, సత్తెనపల్లి దగ్గర
అక్టోబరు 9

చెల్లెలు ఖుర్షిదాకి అక్క కరీమున్ సలాం.

పోయిన వారం నువ్వు ఫోను చేశావని మా వాడు నాగూర్ వలి తెచ్చి నా చెవికి ఆనించాడు. తేనెటీగల రొద తప్ప నాకేమీ వినపళ్లేదు. సరే సరే అని ఇచ్చేశాను. దేనికి సరే అన్నానో తెలియక రెండు రోజులు అన్నం సయించలేదు. ఏదన్నా తప్పు మాటకి సరే అని ఉంటే పట్టించుకోకు. ఇక మనిద్దరికీ కాగితమే గతి. మూడో తరగతితో ఆపేసిన దాన్ని, తప్పులుంటే నవ్వుకో గానీ ఎవరికీ చూపించకు.

అసలు సంగతి ఏంటంటే కోడలు అర్ఫాకి మూడో నెల. ముందు రెండు కడుపులు నిలవలేదని నీకు తెలుసు. మొన్న వాళ్లమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తా, "ఈసారి కూడా పోతే నా బిడ్డని ఈ ఇంట్లో ఉంచను, ఈ ఇంటి గాలే మంచిది కాదు" అంది. వినపళ్లేదు గానీ పెదాలు చూసి తెలుసుకున్నా. గాలి అంటే నేనే గదా. అర్ఫా పోతే నాగూర్ వలి వెనకే పోతాడు. అది లేకుండా వాడు ఒక్క పూట ఉండలేడు. ఇంటికి తాళం పడితే నన్నెక్కడ పెడతారు? ఈ బిడ్డ నిలిస్తేనే నాకు ఈ గుమ్మం.

నర్సమ్మ వచ్చి రోజుకో గుడ్డు పెట్టమంది. కొట్టు గుడ్డు ఎన్నాళ్లదో ఎవరు చూశారు. పగలగొడితే పచ్చసొన నీళ్లలా జారుతుంది. అందుకని పెరట్లో నాలుగు నాటుకోళ్లు పెంచుదామని. నువ్వు ముప్పై ఏళ్ల నుంచి పెంచుతున్నావు. మొదట ఏం చేయాలి, ఏం కొనాలి, గూడు ఎటు తిప్పాలి, అన్నీ రాయి. పిల్లికి భయం, ముంగిసకి భయం, పాముకి భయం. పెరడు దాటితే మాలిక్ మిరప కల్లం. వాడు నాగూర్ వలి ఈడువాడే, నన్ను అత్తా అని పిలుస్తాడు, మంచివాడే. కాయ ఎండబోసినప్పుడు కోళ్లు అందులో పడితే ఏమంటాడో అని ఇప్పటి నుంచే భయం.

వెటకారం చేయకుండా రాయి.

కరీమున్

*

కనిగిరి, కొండ కింద వీధి
అక్టోబరు 17

అక్కకి,

ఫోనులో నేనడిగింది నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా అని. నువ్వు సరే సరే అన్నావు. ఆస్తులేమీ రాయించుకోలా, అన్నం తిను.

కోళ్ల సంగతి విను. పిల్లల్ని కొనకు. నీ భయానికి అవి ముందే చస్తాయి. గుడ్డుకి వచ్చే ఈడు పెట్టలు నాలుగు, పుంజు ఒకటి కొను. సంతలో రెక్క ఎత్తి చూడు, కన్ను చూడు, వెనక ఈకలు శుభ్రంగా ఉన్నాయో చూడు. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసిన దాన్ని కొనకు. గూడు నేల మీద వద్దు, నాలుగు రాళ్ల మీద ఎత్తి కట్టించు, తూర్పుకి మొహం. తెచ్చిన వారం రోజులు గూట్లోనే ఉంచి మేత పెట్టు. అప్పుడుగానీ అది తమ ఇల్లని వాటికి తెలియదు. పొద్దు వాలేసరికి తలుపు వేసెయ్. పొయ్యి బూడిద ఒక మూల పోస్తే పొర్లాడి పేలు దులుపుకుంటాయి. నూకలు, తవుడు, గుడ్డు పెంకు నలిపి పెట్టు. పశువుల ఆస్పత్రిలో కళ్లలో వేసే చుక్కల మందు ఉంటుంది, తెగులు రాకముందే వేయించు.

ఇంకొకటి. ఏ కోడన్నా తల వాల్చి మూల నిలబడిందంటే ఏడుస్తా కూర్చోకు. ప్రాణం ఉండగానే కోయించు. ఊపిరి ఆగాక అది హరాం, గుంటలోకే. బిస్మిల్లా చెప్పి కోశాక కూర. ముప్పై ఏళ్లలో నేను ఒక్కటి వృథా పోనివ్వలా.

అర్ఫాకి నా దీవెనలు చెప్పు. దాన్నీ కోడిపెట్టని చూసినట్టు పొద్దస్తమానం చూస్తా కూర్చోకు.

ఖుర్షిదా

*

వేపలపాడు
డిసెంబరు 8

ఖుర్షిదాకి,

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. సత్తెనపల్లి సంతకి నేనే పోయాను. నాగూర్ వలి వద్దన్నాడు, వాడికి రెక్క ఎత్తి చూడటం ఏం తెలుసు. ఒక నల్ల పెట్ట, రెండు ఎర్రవి, ఒక బూడిద రంగుది, డేగ పుంజు. బండి మీద గంప ఒళ్లో పెట్టుకుని వస్తుంటే దారి పొడుగునా వాటి గుండెలు కొట్టుకోవడం నా చేతికి తెలుస్తానే ఉంది. నాదీ అట్టాగే కొట్టుకుంది.

వారం గూట్లో ఉంచాను. తర్వాత తలుపు తీస్తే ఇక రావని ఏడ్చాను, పొద్దు వాలకముందే అవే వచ్చాయి. గూటికి మూడు గడియలు పెట్టించా. నాగూర్ వలి నవ్వుతాడు. "బ్యాంకుకి కూడా ఇన్ని లేవమ్మా" అన్నాడంట, అర్ఫా పలక మీద రాసి చూపించింది. ఆ పిల్ల నాకోసం పలక కొనుక్కుంది, అరిచి చెప్పకుండా రాసి చూపిస్తుంది.

ఇరవై రోజుల నుంచి గుడ్లు పెడుతున్నాయి. అర్ఫాకి రోజుకొకటి ఉడకేసి, నా ముందు కూర్చోబెట్టి తినిపిస్తున్నా. బుగ్గలు వచ్చాయి. వాళ్లమ్మ వచ్చి చూసింది. పోతా పోతా నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎందుకు వేసిందా అని రెండు రోజులు ఆలోచించాను.

ఇంకా నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలు గడిస్తే నన్ను ఎవరూ కదపలేరు.

కరీమున్

*

వేపలపాడు
జనవరి 19

ఖుర్షిదాకి,

నేను భయపడిందే అయింది. మాలిక్ కాయ ఎండబోశాడు. కల్లం అంతా ఎర్రగా పరిచిన దుప్పటిలా ఉంది. నా కోళ్లు అందులో దిగి కాళ్లతో గీరి, రెట్టలు వేశాయి. మచ్చ పడితే కొనేవాడు కాయ మీద చెయ్యి పెట్టడు గదా. మాలిక్ వచ్చి పెరట్లో నిలబడి అరిచాడు. వీధంతా విన్నది, నేను తప్ప. అర్ఫా పలక మీద రాసింది. "అత్తా, ఇంకోసారి నీ కోళ్లు కల్లంలో కనపడితే మందు పెట్టేస్తా, మళ్లీ చెప్పలేదనొద్దు" అన్నాడంట.

మర్నాడు వాడే వచ్చి గూడు చుట్టూ పాత వల కట్టి పోయాడు. కోపం తాటాకు మంటలాంటిది వాడికి, పాపం. పోయేటప్పుడు నల్లపెట్టని దువ్వి నాకు చూపిస్తా నవ్వాడు.

ఇప్పుడు వలలోనే ఉంచుతున్నా. తిరిగి ఏరుకునే దారి లేక మేత ఎక్కువ తింటున్నాయి. నూకలు ఎన్ని తెచ్చినా చాలట్లేదు. నాగూర్ వలి కాయ లారీ వెంట గుంటూరు యార్డుకి పోయి రెండు రోజులకి గానీ రాడు. అడిగితే విసుక్కుంటాడని భయం.

కరీమున్

*

వేపలపాడు
ఫిబ్రవరి 3

ఖుర్షిదా,

బిడ్డ పోయింది. మగబిడ్డ. చేతులు కాళ్లు అన్నీ ఉన్నాయి.

పోయిన మంగళవారం పొద్దున గూడు తీస్తే పుంజు, ఒక ఎర్రపెట్ట చచ్చి ఉన్నాయి. మిగతా మూడూ తలలు వాల్చి నిలబడ్డాయి, నోటి వెంట నీళ్లు. నాగూర్ వలి యార్డులో ఉన్నాడు. నువ్వు రాసిన మాట జ్ఞాపకం వచ్చింది. ప్రాణం ఉండగానే కోయించు అని. నేను కల్లంలోకి పరిగెత్తి మాలిక్‌ని లాక్కొచ్చాను. వాడే కత్తి తెచ్చి బిస్మిల్లా చెప్పి మూడూ కోశాడు. ఒకటి తీసుకుపొమ్మన్నాను. చెయ్యి అడ్డంగా ఊపి, గొంతు చూపించి దగ్గాడు. కారం దుమ్ముకి గొంతు మండుతుందని, తినలేనని.

పులుసు పెట్టాను. కార్జం, కందనకాయ అర్ఫాకి వేశాను. వారం నుంచి కోడికూర అడుగుతోంది. నాకు పళ్లు లేవు గదా, పులుసు రెండు ముద్దల్లో కలుపుకున్నా. సాయంత్రానికి అది వాంతులు, చెమటలు, వణుకు. నాకూ కళ్లు తిరిగాయి. ఆటోలో సత్తెనపల్లి, అక్కడి నుంచి గుంటూరు. డాక్టరు పురుగుమందు అన్నాడంట. అర్ఫా బతికింది. లోపలిది బతకలేదు.

మాలిక్ మందు పెడతా అన్నాడు గదా. పెట్టాడు. వాడు తినలేదు చూడు. ఎందుకు తినలేదో ఇప్పుడు అందరికీ తెలిసింది.

వాళ్లమ్మ ఆస్పత్రిలో నా మొహం చూడలేదు. నాకు చాలా భయంగా ఉంది ఖుర్షిదా.

*

కనిగిరి
ఫిబ్రవరి 8

అక్కకి,

నీ ఉత్తరం చదివి నేను రెండు పూటలు పొయ్యి వెలిగించలా. అర్ఫాని పడుకోనివ్వు. దాని ముందు ఏడవకు. దాని ఏడుపు దానికి చాలు.

ఒకటి అడుగుతా. మందు పెట్టినవాడు కత్తి పట్టుకుని వచ్చి కోసి ఇస్తాడా? కోళ్లని చంపాలని చూసినవాడికి అవి చస్తే చాలు. మనుషులు తినడం చూస్తా ఊరుకునేంత పగ గూడు చుట్టూ వల కట్టినవాడికి ఎక్కడిది?

కోశాక ఈకలు పీకి శుభ్రం చేసింది నువ్వే గదా. కోడి మెడ కింద మేత సంచి చీల్చి ఉంటావు. అందులో ఏముంది? నూకలా, ఇంకేమన్నానా? అది రాయి.

ఖుర్షిదా

*

వేపలపాడు
ఫిబ్రవరి 14

ఖుర్షిదాకి,

అర్ఫా ఇంటికి వచ్చింది. ఇంటికే వచ్చింది, పుట్టింటికి పోలేదు. వాళ్లమ్మ తీసుకుపోతానని బట్టలు కూడా సర్దింది. ఇది ఇంటి గాలి కాదు, పక్కవాడి పని అని నాగూర్ వలి గట్టిగా చెప్పాడు. అప్పుడు ఊరుకుంది.

ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే నాగూర్ వలి, అర్ఫా అన్నదమ్ములు ఇద్దరూ కల్లంలోకి పోయారు. నేను పెరట్లో నిలబడి ఉన్నా. నాగూర్ వలి నా దగ్గరికి వచ్చి రెండు భుజాలూ పట్టుకుని, ఎవరమ్మా అని అడిగాడు. నేను పేరు చెప్పలేదు. అల్లా మీద ఒట్టు, నా నోటితో పేరు చెప్పలేదు. చెయ్యి మాత్రం అటు ఎత్తాను.

మాలిక్‌ని కొట్టారు. కొట్టి, ఎండిన కాయ తొక్కి పొడిపొడి అయిన చోట మొహం పెట్టి నొక్కి పట్టారు. చాలాసేపు పట్టారు. వాడి భార్య ఖాజాబీ నా కాళ్ల మీద పడి ఏదో అంటోంది. నాకు వినపడదు గదా. నేనేం చెయ్యను. ఎడమ కన్ను పోయిందంట, రెండోదానికి మసక. వాళ్లు కేసు పెడితే మందు పెట్టినందుకు ఎదురు కేసు పడుతుందని పెద్దమనుషులు చెప్పి రెండు ఇళ్లవాళ్లనీ ఆపారు. శుక్రవారం జుమ్మా నమాజుకి కూడా వాడు రావడం లేదు.

ఊరంతా మా ఇంటికి వచ్చి అయ్యో అంటున్నారు. నన్ను చాప మీద కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుంటున్నారు.

గూడు పీకించేశాను. మీ ఊళ్లో ఎండలు ఎట్టా ఉన్నాయి? నీకు షుగరు మాత్రలు దొరుకుతున్నాయా?

కరీమున్

*

కనిగిరి
ఫిబ్రవరి 18

అక్కకి,

ఎండలు ఎండల్లాగే ఉన్నాయి. మాత్రలు దొరుకుతున్నాయి. నేనడిగింది మేత సంచిలో ఏముందని.

చెయ్యి ఎత్తాను అని రాశావు చూడు, ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. మన నాయన దూది ఏకే విల్లు నారి తెంపింది నువ్వు. నీకు పదకొండు, నాకు ఎనిమిది. ఎవరు అని నాయన అడిగితే అప్పుడూ నువ్వు పేరు చెప్పలా. చెయ్యి మాత్రం నా వైపు ఎత్తావు. ఏకే కట్టెతో మోచేతి మీద కొట్టాడు. ఆ చెయ్యి ఇవాళ్టికీ పూర్తిగా చాపలేను. తల దువ్వుకోవాలంటే మెడ వంచుతా. అరవై ఏళ్లలో ఒక్కసారన్నా నీకు ఎత్తి చూపానా? లేదు. పిరికిది, పిల్లప్పుడు చేసిందిలే అనుకున్నా.

ఇప్పుడు నీకు డెబ్భై ఒకటి. మాలిక్‌కి ఇద్దరు పిల్లలు, ఒక కన్ను.

సంచిలో ఏముంది అక్కా?

*

వేపలపాడు
ఫిబ్రవరి 22

ఖుర్షిదా,

ఇది చదివి పొయ్యిలో పెట్టు.

డిసెంబరులో నాగూర్ వలి మొక్కజొన్న వేశాడు. మిగిలిన గింజలు సంచిలో అటక మీద ఉన్నాయి. చీమలు పడతాయని వాడు గుళికల మందు కూడా కలిపి ఉంచాడంట, ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. గులాబీ రంగు మాత్రం తెలుసు. విత్తనానికి మందు పట్టిస్తారని తెలుసు. నూకలు అయిపోయాయి. వాడు ఊళ్లో లేడు. కోళ్లు వల పట్టుకుని చూస్తున్నాయి. గుడ్డు ఆగిపోతుందని భయం వేసింది. గుడ్డు ఆగితే అర్ఫాకి ఏం పెట్టను. బకెట్లో పోసి మూడు నీళ్లు కడిగాను. మొదటి నీళ్లు గులాబీ, రెండోవి లేతగా, మూడోవి తేటగా వచ్చాయి. బియ్యం కడిగితే పోతుంది గదా, ఇదీ అంతే అనుకున్నా. సోమవారం సాయంత్రం రెండు గుప్పెళ్లు వేశాను.

మంగళవారం కోళ్ల మేత సంచి చీలిస్తే అవే ఉన్నాయి. నానిపోయి ఉన్నాయి, రంగు ఇంకా ఉంది. పొయ్యి బూడిద కుప్పలో పూడ్చేశాను.

కూర ఎందుకు వండావు అని అడుగుతావు. పారేస్తే ఎందుకు పారేశావని నాగూర్ వలి అడుగుతాడు. గింజలు వేశానని చెప్పాలి. అయిదు కోళ్లనీ చేతులారా చంపుకున్న ముసలిది, దీనికి వంటిల్లు ఎట్టా అప్పజెప్పాలి అంటారు. ప్రాణం ఉండగానే కోశాం, హలాల్ అయింది, మాంసానికి ఏం అంటుతుందిలే అనుకున్నా. అనుకున్నానో, అట్టా అనుకోవాలని చూశానో నాకే తెలియదు. ముక్కలు మాత్రం నాలుగు సార్లు కడిగాను.

వడ్డించేటప్పుడు చెయ్యి ఒక్కసారి ఆగింది. అర్ఫా గిన్నె చాపింది. వేశాను.

*

కనిగిరి
ఫిబ్రవరి 25

అక్కా,

పొయ్యిలో పెట్టలా. దాచాను.

నాలుగు రోజుల్లో రంజాను నెలవంక. ఈలోపు నాగూర్ వలికి చెప్పు. ఖాజాబీని పిలిచి ఆమె ముందు చెప్పు. మాలిక్ మసీదుకి తలెత్తుకుని రావాలి. ఇది నోట్లో పెట్టుకుని నువ్వు రోజా ఎట్టా ఉంటావు? ఆకలైతే ఓర్చుకుంటావు, దీన్ని మింగి ఎట్టా ఓర్చుకుంటావు?

ఫోనులో నేనే వాడికి చెప్పగలను. ఇది ఫోనులో చెప్పే మాట కాదు. నువ్వే చెప్పు. కొడుకు తిడతాడు, కోడలు ఏడుస్తుంది, అంతే గదా. మాలిక్‌కి అయినంత నీకు కాదు.

పండగ దాకా చూస్తా. చెప్పకపోతే నీ ఉత్తరం తీసుకుని నేను బస్సెక్కుతా.

*

వేపలపాడు
మార్చి 11

ఖుర్షిదా,

నువ్వు రావద్దు.

నీ అక్టోబరు ఉత్తరం నా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉంది. తీసి మళ్లీ చదివాను. తల వాల్చిందంటే ఏడుస్తా కూర్చోకు, ప్రాణం ఉండగానే కోయించు, ముప్పై ఏళ్లలో ఒక్కటి వృథా పోనివ్వలా. నీ రాత. నేను నిన్ను అడిగే గదా కోళ్లు పెట్టింది. తెగులు కోడిని పూడ్చిపెట్టమని ఒక్క మాట రాసి ఉంటే ఆ రోజు పూడ్చేదాన్ని. నువ్వు నాది బయట పెడితే నేను నీది బయట పెడతా. అర్ఫా ఇద్దరినీ చదువుకుంటుంది.

కొడుకు తిడతాడు, అంతే గదా అని రాశావు. నీకు నీ గది ఉంది, నీ కోళ్లున్నాయి. నీ పేరున నీకు చోటుంది. ఆయన పోయి పద్నాలుగేళ్లు అయింది. ఈ పద్నాలుగేళ్లలో అక్కా వచ్చి నా దగ్గర ఉండు అని ఒక్కసారన్నా పిలిచావా? నన్ను వాకిట్లోకి గెంటితే తీసుకుపోతావా? ఆ సంగతి రాయకుండా చెప్పు చెప్పు అంటావు.

మాలిక్ చిన్నవాడు. తుళ్లూరు పక్క కట్టడాల పనికి పోతున్నాడంట, ఇటుకలు మోయడానికి ఒక కన్ను చాలు. కల్లం కౌలు వదిలేశాడు. వాళ్లు పోతే ఇంకెవరూ అడగరు. నేను ఎక్కడికి పోగలను? నాకు ఏ పని ఇస్తారు?

రోజా ఉంటున్నా. ఒక్కటీ వదల్లేదు.

కరీమున్

*

కనిగిరి
మే 6

అక్కకి,

వచ్చి పోయి నెల దాటింది. రాయాలా వద్దా అని ఈ నెలంతా చూశాను. రాస్తున్నా.

ఆ రోజు నీకు వినపడనివి, నువ్వు చూడనివి చెబుతా. నేను మీ వసారాలో కూర్చుని నీ ఉత్తరం నాగూర్ వలి చేతిలో పెట్టాను. వాడు ఒకసారి చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. నువ్వు ఎదురుగా కూర్చుని, "దానికి నామీద చిన్నప్పటి నుంచీ కసి, నా రాతలా దొంగ రాత రాసింది" అని అరుస్తున్నావు. నీ గొంతు నీకు వినపడదు గనక ఎంత గట్టిగా అరిచావో నీకు తెలియదు. పక్కింట్లో మాలిక్ సామాను ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఖాజాబీ గిన్నెల బుట్ట పట్టుకుని గోడవతల నిలబడి పోయింది. ఉత్తరం లోపల ఏముందో ఆమెకి తెలియదు, నీ అరుపు మాత్రం విన్నది.

నాగూర్ వలి లేచి ఆ కాగితం పొయ్యిలో పెట్టాడు. నాతో నెమ్మదిగా, "చిన్నమ్మా, మాలిక్ మెడ పట్టుకుని కాయలో నొక్కింది ఈ చేతులు. మందు కలిపి అటక మీద పెట్టింది కూడా ఈ చేతులే. ఇది నిజమైతే నేనేం కావాలి? మా అమ్మ అబద్ధం చెప్పదు. నువ్వు బయల్దేరు" అన్నాడు. అందుకని నీకు కొడుకు తోడుగానే ఉన్నాడు. నీ మీద ప్రేమతో కాదు. నీ అబద్ధం ఇప్పుడు వాడికి నీకంటే ఎక్కువ అవసరం.

నేను లేవనంటే రెక్క పట్టుకుని లేపాడు. నాయన కొట్టిన ఆ చాపలేని రెక్కే. వాడు బండి తీయడానికి పోయినప్పుడు అర్ఫా నా చెప్పులు తెచ్చి గేటు దగ్గర పెట్టింది. నేను, "అమ్మా, ఆ ఉత్తరంలో..." అన్నాను.

"చెప్పొద్దు చిన్నత్తా" అంది. "నేను ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు పెరట్లో బూడిద ఎత్తాను. గింజలు చూశాను."

"మరి మాలిక్‌ని అప్పుడే..."

"అప్పటికే వాడి కన్ను పోయింది. నేను చెబితే మా అన్నల్ని, ఈయన్ని తీసుకుపోతారు. నేనేం తింటాను?"

"పుట్టింటికి పో అమ్మా. మీ అమ్మ ఇవాళ రమ్మన్నా తీసుకుపోతుంది."

అది నవ్వింది. నిజంగానే నవ్వింది అక్కా, పెదాలు విప్పి.

"ఎందుకు పోవాలి? ఈ ఇల్లు విడిచి పోతానేమో అనే గదా ఆమె ఇంత చేసింది. నేను పోను. ఆమెని ఎక్కడికీ పంపను. ఎవరన్నా తీసుకుపోతామన్నా ఇవ్వను. ఇప్పటికే గోడ పట్టుకుని నడుస్తోంది. ఇంకో రెండేళ్లకి మంచం. అప్పుడు నీళ్లు నేను ఇస్తేనే. పక్క నేను మారిస్తేనే. పిలిస్తే నేను పలికితేనే. నాకు తొందరేం లేదు."

ఆ మాట అనేటప్పుడు దాని కళ్లలో కోపం లేదు. సంతకి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది.

నన్ను పిలవలేదని రాశావు గదా. నిజమే, పద్నాలుగేళ్లలో పిలవలా. నీ చెయ్యి ఎటు ఎత్తుతావో అని నాకూ భయమే. ఇప్పుడు కూడా పిలవట్లేదు. నేను పిలిచినా అది నిన్ను వదలదు.

బండి ఎక్కి వెనక్కి తిరిగి చూశాను. నువ్వు వసారాలో గోడకి ఆనుకుని కూర్చున్నావు. పండగ మర్నాడు గదా, రోజాలు అయిపోయాయి, పొద్దునే అన్నం. అర్ఫా నీ పక్కన కూర్చుంది. నీకు పళ్లు లేవని అన్నం మెత్తగా పిసికి, ముద్ద చేసి నీ నోటికి అందించింది. నువ్వు నోరు తెరిచావు.

ఖుర్షిదా